అమ్మాయిని స్కౌట్స్‌లో చేర్చొచ్చా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. ఆరో తరగతి చదివే మా పాప అన్నలాగే స్కౌట్స్‌లో (ఒకప్పుడు మగపిల్లలకే ఉన్న బాయ్ స్కౌట్స్) చేరతానని ఒకటే గొడవ. రాత్రి క్యాంపింగ్ అంటేనే నాకు టెన్షన్. ఆడపిల్లల్ని పంపినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు: నిశ్చింతగా పంపండి అక్కా. 2019 నుంచి అందులో అమ్మాయిలకూ ట్రూప్‌లు, అంటే స్కౌట్ల జట్లు, ఉన్నాయి. ఆడపిల్లలుంటే 21 ఏళ్లు నిండిన మహిళా లీడర్ ఉండి తీరాలి. ఏ పెద్దవాళ్లూ పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. అమ్మాయిల టెంట్లు వేరు. మాది టెంటు మేకులు తనే దిగ్గొడుతుంది, ఇంట్లో తిన్న కంచం మాత్రం తీయదు!

ఇంకో జవాబు: శాకాహారులైతే ముందే చెప్పండి, మెనూ పిల్లలే రాస్తారు. చేర్చేముందు ఒక మీటింగ్‌లో కూర్చుని లీడర్లతో మాట్లాడండి.

ప్రశ్న అడిగినామె: థాంక్సండీ. తల్లులు కూడా క్యాంపుకి రావచ్చా?

జవాబు: రావచ్చు, రిజిస్టర్ చేసుకుని ట్రైనింగ్ తీసుకోవాలంతే.