అప్‌డేట్: ఓర్వకల్లు నుంచి కడప విమానాశ్రయానికి ప్రయాణం

అక్క కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయంలో దిగుతుంది, హైదరాబాద్ నుంచి కారులో వెళ్లి ఆమెను ఎక్కించుకుని కడప విమానాశ్రయంలో బావగారిని కలవాలి, ఆ రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ఎంతసేపు పడుతుందని ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. వెళ్లివచ్చాం.

ఆకాశమార్గాన దాదాపు 150 కిలోమీటర్లే. 40వ నంబరు జాతీయ రహదారి మీద మాత్రం దాదాపు 190. టీకి ఆగిన సమయం కాక మూడున్నర గంటలు పట్టింది. కొందరు రెండున్నర గంటలు చాలన్నారు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఆ లెక్క నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

పాణ్యం దగ్గర తమ్మరాజుపల్లె ఘాట్‌లో బరువు లారీల వెనుక నెమ్మదిగా పోవాల్సిందే. అక్కడ తొందరపడి దాటే ప్రయత్నం చేయకండి. నంద్యాల దాటాక ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు వరకు నాలుగు వరుసల దారి హాయిగా సాగింది. దువ్వూరు పరిసరాల్లో రోడ్డు పక్కన పసుపు తోటలు చూసి అక్క కారు ఆపించింది. ఈ సీమకు నీళ్లిచ్చే కర్నూలు–కడప కాలువ గురించి దారి పొడవునా చెబుతూనే ఉంది.

కడప విమానాశ్రయం ఊళ్లో లేదు, ముద్దనూరు వైపు వెళ్లాలి. దానికి మరో అరగంట చేతిలో ఉంచుకోండి.