బెలూన్ ఎక్కేముందు గ్యాస్ గొట్టాల్లో ఏం చూసుకోవాలి?

హాట్ ఎయిర్ బెలూన్ నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 2013లో ఈజిప్టులోని లక్సర్‌లో 19 మందిని బలిగొన్న ప్రమాదం గురించి చదివాను, దిగే సమయంలో గ్యాస్ గొట్టం లీకై మంటలు అంటుకున్నాయట, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. సిలిండర్ నుంచి బర్నర్‌కి వెళ్లేది ద్రవరూపంలో ఉన్న ప్రొపేన్ కదా, అది మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి లీకైన చోట జాయింటు మీద తెల్లగా మంచు పేరుకుంటుందంటారు. బుట్టలో నిలబడ్డ మామూలు ప్రయాణికుడికి అది కనిపిస్తుందా, లేక గొట్టాలకు చుట్టిన తొడుగుల వెనక దాగిపోతుందా? గొట్టం దగ్గర మంట లేస్తే పైలట్ ముందు కట్టేసేది సిలిండర్ వాల్వునేనా? గొట్టాలు ఎప్పుడు మార్చారని నేరుగా అడగొచ్చా? విసుక్కుంటే మాత్రం నేను ఎక్కనే ఎక్కను.