కంపెనీ చేతులు మారింది, సిమెంట్ బ్రాండ్ మార్చాలా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
నమస్తే అండి. ఇల్లు కడుతున్నాం. పునాది అయిపోయింది, పిల్లర్లు లేస్తున్నాయి. ఇప్పటిదాకా విష్ణుపురం ఫ్యాక్టరీ సిమెంటే వాడాం. ఆ కంపెనీని అల్ట్రాటెక్ కొనేసింది కాబట్టి సరుకు మారుతుందని, రేటు కూడా పెరుగుతుందని మా మేస్త్రీ అంటున్నాడు. స్లాబ్‌కి కావాల్సిన 300 బస్తాలు ఇప్పుడే దించుకోమంటున్నాడు. స్లాబ్‌కి ఇంకా మూడు నాలుగు నెలలు పడుతుంది. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు:
ముందు ఆ 300 బస్తాల ఆలోచన మానుకోండి. సిమెంట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఎంత పట్టా కప్పినా బలం తగ్గుతూనే ఉంటుంది. మూడు నెలలు దాటిన సరుకును ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా స్లాబ్‌లో వాడకూడదు. రేటు పెరుగుతుందన్న భయంతో పాత సిమెంట్‌తో స్లాబ్ వేసుకోవద్దండి.

ఇక విష్ణుపురం సంగతి. అది బి.వి.రాజు గారి రాశి సిమెంట్ ప్లాంట్. 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లింది. 2024 డిసెంబర్‌లో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ అనుబంధ సంస్థ అయింది. యజమానులు మారినంత మాత్రాన అక్కడి సున్నపురాయి గని మారదు, రాయిని కాల్చే బట్టీ (కిల్న్) మారదు. బస్తా మీద పేరు రేపు మారినా మారొచ్చు. మీరు చూడాల్సింది వేరే ఉంది: ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటుంది, సరుకు ఏ ఫ్యాక్టరీదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొట్టి చూడండి. పక్కనే ప్యాక్ చేసిన వారం, సంవత్సరం ఉంటాయి.

ఇంకో మాట. బ్రాండ్ కంటే రకం ముఖ్యం. ఐఎస్ 269 అని ఉంటే ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్. ఐఎస్ 1489 అని ఉంటే పీపీసీ, అంటే ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంట్. పీపీసీ మంచిదే, కాకపోతే మొదట్లో బలం నిదానంగా వస్తుంది. డీలర్ ఒకదాని బదులు ఇంకోటి పంపితే సెంట్రింగ్ విప్పే రోజులు మారిపోతాయి. మీ ఇంజినీర్‌ను తప్పక అడగండి.

మళ్లీ ప్రశ్న:
చాలా థ్యాంక్స్ అండి. మరి రేటు మాటేమిటి?

జవాబు:
మేస్త్రీ భయం ఉత్తది కాదు. 2022లో అంబుజా, ఏసీసీ అదానీ చేతికి వెళ్లాయి. ఆ తర్వాత సంఘీ, మన పెన్నా, మంచిర్యాల దగ్గర దేవాపూర్‌లో ప్లాంట్ ఉన్న ఓరియంట్ కూడా అటే పోయాయి. బసంత్‌నగర్ కేశోరాం ప్లాంట్ అల్ట్రాటెక్‌లో కలిసింది. కంపెనీలు ఇంకా చాలా ఉన్న రోజుల్లోనే, కుమ్మక్కై రేట్లు పెంచారని, మార్కెట్‌లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2012లో పదకొండు కంపెనీలకు, వాటి సంఘానికి కలిపి 6,000 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఇప్పుడు అమ్మేవాళ్లు ఇంకా తగ్గారు. ఇల్లు కట్టుకునేవాళ్ల తరఫున ఇది గట్టిగా అడగాల్సిన విషయమే.

అయితే మన రెండు రాష్ట్రాల్లో సున్నపురాయి దండిగా ఉండటంతో గిరాకీని మించి ప్లాంట్లు వెలిశాయి. అందుకే ఇక్కడ రేటు పెంచి నిలబెట్టుకోవడం వాళ్లకూ అంత తేలిక కాదు. స్లాబ్‌కి రెండు వారాల ముందు ముగ్గురు డీలర్ల దగ్గర రేటు అడగండి, దింపుడు కూలీతో కలిపి చెప్పమనండి. బిల్లు తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో అంతే ఉందో లేదో చూసుకోండి.

ఇంకొకరి ప్రశ్న:
నేను చిన్న డీలర్‌ని. నా కంపెనీ కూడా ఇలాగే చేతులు మారింది. నా డిపాజిట్ క్షేమమేనా?

జవాబు:
షేర్లు మాత్రమే చేతులు మారితే కంపెనీ అదే, మీకు ఇవ్వాల్సిన బాకీ కూడా దానిదే. విలీనమైతే కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) ఆమోదించిన పథకం ప్రకారం అప్పులు, బాకీలు కొత్త కంపెనీకి వెళ్తాయి. ఏదైనా సరే, డిపాజిట్, రావాల్సిన డిస్కౌంట్ విడివిడిగా చూపిస్తూ బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్ ఇప్పుడే రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన డిస్కౌంట్లే ఎక్కువగా గల్లంతవుతాయి. పాత సేల్స్ ఆఫీసర్ బదిలీ కాకముందే ఆయనతో ఈమెయిల్ పెట్టించుకోండి.