బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ కలవట్లేదు, ఇంట్లో ఉంటే కలుస్తోంది

తణుకు_కుర్రాడు:
తణుకులో నాన్నకి ఎరువుల కొట్టు. బిల్లింగ్ కంప్యూటర్‌లో విండోస్ 11 ప్రో. సంక్రాంతికి వెళ్లినప్పుడు రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఆ కంప్యూటర్‌ని వాడుకునే సదుపాయం) ఆన్ చేసి, బయటి నుంచి వచ్చే కనెక్షన్ దానికి చేరేలా రూటర్‌లో 3389 పోర్ట్ ఫార్వర్డ్ చేశా. అదే వైఫైలో నా లాప్‌టాప్ నుంచి శుభ్రంగా కలిసింది. బెంగళూరు వచ్చాక ఒక్కసారీ కలవలేదు. ఎక్కడ తప్పు చేశానండీ?

రాగి_తీగ:
రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రూటర్‌కిచ్చిన అడ్రసు) ఎంతుందో చూడండి. కొట్లోనే బ్రౌజర్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే ఇంకో నంబరొస్తుంది. రెండూ ఒకటేనా?

తణుకు_కుర్రాడు:
కాదు. నాన్న కళ్లజోడు వెతుక్కుని ఫోన్లో చదివారు: "వంద, చుక్క, డెబ్భై రెండు, చుక్క... ఆ తర్వాతది కనపట్లేదురా, కాస్త పెద్దక్షరాలు పెట్టించకూడదూ?" రెండోది మాత్రం 49తో మొదలైంది.

రాగి_తీగ:
ఇంకేం, దొరికింది. 100.64 నుంచి 100.127 దాకా సీజీన్యాట్ ఐపీలు. నెట్ కంపెనీ ఒక్క పబ్లిక్ ఐపీని బోలెడు ఇళ్లకి పంచుతుంది. మీరు రూటర్లో తలుపు తీసి కూర్చున్నా, వచ్చేవాడు వాళ్ల గేటు దగ్గరే ఆగిపోతాడు. మీకంటూ మారని పబ్లిక్ అడ్రసు, అంటే స్టాటిక్ ఐపీ, అడగొచ్చు గానీ అదనంగా డబ్బు కట్టాలి. నేనైతే రెండు మెషిన్లలోనూ టెయిల్‌స్కేల్ (రెండింటినీ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లా కలిపే వీపీఎన్ యాప్) వేస్తాను. రెండు వైపులా కనెక్షన్ లోపల్నుంచే బయటికెళ్తుంది, పోర్టు తెరిచే పనే లేదు. అదిచ్చే అడ్రసూ 100తోనే మొదలవుతుంది, కంగారు పడకండి. కొట్టు కంప్యూటర్‌లో టెయిల్‌స్కేల్ సెట్టింగ్స్‌లో "రన్ అన్‌అటెండెడ్" టిక్ పెట్టండి, లేదంటే కంప్యూటర్ రీస్టార్టయ్యాక ఎవరో ఒకరు లాగిన్ అయ్యేదాకా కలవదు.

పాత_మోడెం:
ముందు ఆ 3389 రూల్ తీసెయ్ తమ్ముడూ. అది నేరుగా నెట్‌కి తెరిచుంటే పాస్‌వర్డులు ఊహించే బాట్లు రోజంతా తడుతూనే ఉంటాయి. సీజీన్యాట్‌ని అందరూ తిడతారు గానీ, ఈసారి మీ కొట్టు లెక్కల్ని కాపాడింది అదే.

తణుకు_కుర్రాడు:
రూల్ తీసేశా. టెయిల్‌స్కేల్‌తో కలిసింది! నిన్న సాయంత్రం కూర్చుని యూరియా స్టాకు సరిచూశా. తొమ్మిదింటికి టపీమని పోయింది. మళ్లీ నెట్టేమో అని ఫోన్ చేస్తే, కొట్టు కట్టేస్తూ మెయిన్ ఆపేశారట. "రాత్రంతా కరెంటు దండగ కదరా" అన్నారు.

రాగి_తీగ:
పొద్దున కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) సెట్టింగ్ ఉంటుంది, "ఏసీ పవర్ లాస్" అనే పేరు దగ్గర వెతకండి. రాత్రి సంగతి మీరూ మీ నాన్నగారూ చూసుకోండి.