‘సామర్థ్యం’ ఎవరిది: బ్యాటరీదా, ప్లేయర్‌దా?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డులోని ఒక దుకాణానికి తెలుగులో కరపత్రం రాసిపెడుతున్నాను. జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ గురించి వారిచ్చిన చిత్తుప్రతిలో “బ్యాటరీ సామర్థ్యం రెట్టింపు, కాబట్టి ప్లేయర్ సామర్థ్యమూ రెట్టింపు” అనే వాక్యం ఉంది. వ్యాకరణపరంగా తప్పు కనిపించడం లేదు గానీ, అర్థం నిలుస్తుందా అని సందేహం. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (చిత్తూరు నుంచి):
అయ్యా, అర్థం నిలవదు. ఆ వాక్యంలో ‘సామర్థ్యం’ రెండుసార్లు వచ్చినా రెండుచోట్లా అర్థం ఒకటి కాదు. మధ్యలో ‘కాబట్టి’ వచ్చి ఆ రెంటినీ ముడివేసింది. మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో బలం, శక్తి, సామర్థ్యం అనేవి మూడు వేర్వేరు భావనలు. పని జరిగే రేటు సామర్థ్యం (ఇంగ్లీషులో పవర్), దాని ప్రమాణం వాటు. బ్యాటరీ విషయంలో సామర్థ్యం అని మనం రాస్తున్నది మాత్రం అందులో ఎంత విద్యుదావేశం పడుతుందన్న లెక్క. దానిని మిల్లీ యాంపియర్ అవర్లలో చెబుతారు.

శ్రీశైలం గురించి పత్రికలు రాసే తీరు గమనించండి. జలాశయం నీటి నిల్వ సామర్థ్యం సుమారు 215 టీఎంసీలని, కుడిగట్టు కేంద్రం విద్యుదుత్పత్తి సామర్థ్యం 770 మెగావాట్లని రాస్తారు. ‘నిల్వ’, ‘ఉత్పత్తి’ అనే మాటలు ముందు ఉండబట్టే పాఠకుడు తికమకపడడు. జలాశయంలో ఇంకా ఎక్కువ నీరు పట్టేలా చేసినా టర్బైన్లు ఎక్కువ రోజులు తిరుగుతాయే తప్ప, వాటి మెగావాట్లు పెరగవు.

ప్లేయర్‌లోనూ అంతే. లిథియం సెల్లు చిన్నదైనా పెద్దదైనా దాని మీద రాసే వోల్టేజి సాధారణంగా 3.7 వోల్టులే. ఇయర్‌ఫోన్‌కు ఎంత సామర్థ్యం అందాలన్నది లోపలి యాంప్లిఫయర్ ఇచ్చే వోల్టేజి, ఇయర్‌ఫోన్ నిరోధం (కరెంటుకు అది కలిగించే అడ్డు, ఓముల్లో చెబుతారు) తేలుస్తాయి. యాంప్లిఫయర్ 1 వోల్టు ఇస్తే, 32 ఓముల ఇయర్‌ఫోన్‌లో ఖర్చయ్యేది దాదాపు 31 మిల్లీవాట్లు. బ్యాటరీ 1000 మిల్లీ యాంపియర్ అవర్లదైనా 2000దైనా ఆ 31 మారదు, పాట వినిపించే గంటలు మారతాయి. అదే ప్లేయర్‌కు 300 ఓముల హెడ్‌ఫోన్ తగిలిస్తే 3 మిల్లీవాట్ల పైచిలుకే అందుతుంది. అప్పుడు శబ్దం చాలలేదని బ్యాటరీని నిందించడం అన్యాయం.

ఒకే రకం సెల్లులు రెండు తీసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. ఒక్కొక్కటి 2000 మిల్లీ యాంపియర్ అవర్లు అనుకుందాం. సమాంతరంగా కలిపితే 4000, కానీ వోల్టేజి 3.7 దగ్గరే ఉంటుంది. శ్రేణిలో కలిపితే వోల్టేజి 7.4 అవుతుంది, అంకె మాత్రం 2000 దాటదు. వోల్టులను యాంపియర్ అవర్లతో గుణిస్తే, రెండు పద్ధతుల్లోనూ దాచుకున్న శక్తి 14.8 వాట్ అవర్లే. యాంప్లిఫయర్‌ను అందుకు తగ్గట్టు తయారుచేస్తే ఎక్కువ సామర్థ్యం రాబట్టే వీలు రెండో అమరికలోనే నేరుగా దొరుకుతుంది, కరపత్రంలో గొప్పగా కనిపించే అంకె మొదటిదానికి ఉంటుంది! ఈ చిక్కు కొత్తది కూడా కాదు: లావుపాటి టార్చిలైటు సెల్లు మీదా, గోడ గడియారంలో వేసే సన్న సెల్లు మీదా ముద్రించి ఉండేది అదే 1.5 వోల్టులు.

మరొక సభ్యుని వ్యాఖ్య:
పెద్దవారు చెప్పినది ఒప్పుకుంటూనే ఒక చిన్న మినహాయింపు చెబుతాను. పాతబడిన లేదా మరీ చిన్న బ్యాటరీలో అంతర్నిరోధం ఎక్కువగా ఉండడం వల్ల, బ్లూటూత్ స్పీకరులో డప్పు దెబ్బ పడిన క్షణంలో వోల్టేజి కుంగి శబ్దం చిట్లుతుంది. అక్కడ పెద్ద బ్యాటరీ వేస్తే శబ్దం నిలకడగా వస్తుంది. అది కూడా యాంప్లిఫయర్‌కు ఉన్న హద్దు వరకే.

ఇక మాట సంగతి. మన దుకాణాల్లో బేరం వినండి: “బ్యాకప్ ఎంతసేపు వస్తుంది?” అని ఒక ప్రశ్న, “సౌండు ఎట్లుంటుంది?” అని వేరొక ప్రశ్న. అలిపిరి మెట్ల మీదుగా కీర్తనలు వింటూ కొండెక్కాలనుకునేవారు మొదటిదే అడుగుతారు, ఇంటి ముంగిట పదిమందికి వినిపించాలనుకునేవారు రెండోది అడుగుతారు. వీధిలో విడిగా ఉన్న రెండు భావాలను, అచ్చులోకి వచ్చేసరికి ఒకే సంస్కృత పదంతో మనమే కలిపేస్తున్నాం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వాక్యాన్ని “బ్యాటరీ నిల్వ రెట్టింపు, అదే సౌండుతో రెట్టింపు సేపు పాటలు” అని మార్చాను. ‘నిల్వ’ అంటే కొనేవారికి పాత సరుకు గుర్తొస్తుందేమోనని దుకాణదారు సంకోచిస్తున్నారు.

జవాబు (చిత్తూరు నుంచి):
ఆ సంకోచం సబబే. “చార్జి నిల్వ” అని రాయండి, వాట్ల లెక్క చెప్పే వరుసకు సామర్థ్యాన్ని అట్టిపెట్టండి.