ఆదివారమే వారం వంట: కుదిరే పనేనా?

నిజాంపేట్_నివాసి: ఇద్దరూ ఉద్యోగస్తులే. పొద్దున ఎనిమిదికల్లా బయల్దేరాలి. ఆదివారం అన్నీ వండి డబ్బాల్లో పెడితే శుక్రవారం దాకా ఆగుతాయా?

పోపుడబ్బా: ఆగవండి. వండిన కూర ఫ్రిజ్‌లో మూడు రోజులే లెక్క. ఆదివారం చేయాల్సింది వంట కాదు, వంటకు ముందు పని. రెండు గ్లాసుల కందిపప్పుకు ఆరు గ్లాసుల నీళ్లు, పసుపు, చెంచా నూనె, నాలుగు విజిల్స్. కుక్కర్ సగానికి మించి నింపితే విజిల్లోంచి నురగ చిమ్ముతుంది. ఉప్పు, పులుపు అప్పుడే వద్దు. మెదిపి మూడు డబ్బాలకు సర్ది, ఒకటి ఫ్రిజ్‌లో, రెండు ఫ్రీజర్‌లో పెట్టండి. సోమవారం టమాటా పప్పు, బుధవారం గోంగూర పప్పు (ఆకు విడిగా మగ్గించి కలపాలి), శుక్రవారం పప్పుచారు. పోపు మాత్రం ఏ రోజుకారోజే, లేకపోతే ఇంగువ వాసన కూడా మిగలదు.

మారేడ్‌పల్లి_వంటిల్లు: ఫ్రీజర్ పప్పు ఎందుకండీ? కుక్కర్ పెట్టి స్నానానికెళ్తే వచ్చేసరికి ఉడుకుతుంది. టైమంతా తినేది తరగడమే.

పోపుడబ్బా: తరగడం విషయంలో మీతో ఏకీభవిస్తా. కానీ అన్నీ తరిగి పెట్టలేం. దొండకాయ, బీన్స్ తడి లేకుండా తుడిచి, అడుగున కాగితం వేసిన డబ్బాలో పెడితే నాలుగు రోజులు ఉంటాయి. బెండకాయ కడిగాక పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద తరిగితే జిగురే. వంకాయ నల్లబడుతుంది, దాన్ని అప్పటికప్పుడే తరగాలి. రైతుబజారు నుంచి తెచ్చిన తోటకూర కడగకుండా బట్టలో చుట్టి, మంగళవారంలోపు వండేయండి. సొరకాయ, దోసకాయ వారం చివరికి.

రుబ్బురోలు: టిఫిన్ సంగతి మరిచారు. గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. మన ఊళ్లో మే నెలలో ఐదారు గంటలకే పొంగుతుంది, డిసెంబరులో రాత్రంతా పెట్టినా చాలదు. ఎండాకాలం పూర్తిగా పొంగనిచ్చి ఫ్రిజ్‌లో పెడితే బుధవారానికే పులుపెక్కుతుంది. పొంగడం మొదలవగానే లోపల పెట్టి, ఏ పూటకు కావాల్సింది ఆ పూట తీయండి. మొదట ఇడ్లీ, తర్వాత దోశ, చివరి రోజు ఉల్లిపాయ ఊతప్పం.

మారేడ్‌పల్లి_వంటిల్లు: అన్నం?

పోపుడబ్బా: అన్నం మాత్రం రోజూ వండాల్సిందే. మిగిలితే గంటలోపు వెడల్పాటి పళ్లెంలో చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పులిహోర కలిపేయండి. రాత్రంతా బయట ఉన్న అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం చేరొచ్చు, అది వేడి చేసినా పోదు.

రుబ్బురోలు: కరెంటు చాలాసేపు పోయి ఫ్రీజర్ పప్పు కరిగితే? ఇంకా చల్లగా ఉంటే ఆ పూటకే చారు పెట్టేయాలి. గోరువెచ్చబడితే పారేయడమే.