మందు రాస్తున్నా పుండు ఎందుకు మానడం లేదు?

గోదావరిగట్టు:
నాన్నగారికి షుగరు. కుడి అరికాలిలో బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత పుండు. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, నురగ తగ్గాక పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, మందుల దుకాణంలో ఇచ్చిన క్రీము రాసి కట్టు కడుతున్నాం. చీము లేదు, వాసన లేదు, అడుగు ఎర్రగానే ఉంది. అంచులు మాత్రం దగ్గరపడడం లేదు. ఇంకా ఘాటైన మందు ఉంటే చెప్పగలరా?

కట్టుగది:
అమ్మా, ఘాటు పెంచకండి. షుగరు పుండ్లకు కట్లు కట్టే నర్సును. ఆ ఎర్రటి కొత్త కండను చూస్తే నాకు ప్రాణం లేచివస్తుంది, దాన్ని కాపాడుకోవాలి.

పుండు అంచున ఉండే కెరాటినోసైట్లు అనే చర్మకణాలు తడి మీద లోపలికి పాకాలి. అడుగున ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు కొత్త కండకు పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను తయారుచేయాలి. పెరాక్సైడ్‌కు సూక్ష్మజీవి, కొత్త కణం రెండూ ఒకటే. ఆ నురగ మురికి కాదు, మన కణాల్లోని కెటలేజ్ ఎంజైమ్ ఆ మందును విడగొడితే వచ్చే ఆక్సిజన్. అయోడిన్ చీము పట్టినప్పుడు పనికొస్తుంది. శుభ్రంగా ఉన్న కండను కడగడానికి సెలైన్ చాలు.

ఆ క్రీము ట్యూబు మీద ఏముందో చదివి చెప్పండి.

గోదావరిగట్టు:
క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్.

కట్టుగది:
క్లోబెటసాల్ చాలా బలమైన స్టెరాయిడ్. ఈరోజే ఆపేయండి. అది ఫైబ్రోబ్లాస్టుల పెరుగుదలనూ కొల్లాజెన్ తయారీనీ అణచేస్తుంది. పుండు మీద రాయాల్సిన మందు కానేకాదు.

ఫార్మసీ విద్యార్థి:
పుండును గాలికి ఆరబెట్టకండి కూడా. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చూపించారు: పాలిథిన్ పొర కప్పి తడిగా ఉంచిన గాయాల మీద, పక్కు కట్టిన వాటికంటే దాదాపు రెట్టింపు వేగంతో కొత్త చర్మం పరుచుకుంది. కణాలను ప్రేరేపించే జెల్‌లూ ఉన్నాయి. ఫైబ్రోబ్లాస్టులను పుండులోకి రప్పించే బెకాప్లెర్మిన్‌కు 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. కెరాటినోసైట్లను కదిలించే ఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఉన్న జెల్‌ను హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసింది.

కట్టుగది:
నిజమే, కానీ ఆ జెల్ డాక్టరు రాస్తేనే వాడండి. బరువంతా ఆ చోటే పడుతుంటే ఏ జెల్ రాసినా కణాలు నలిగిపోతాయి. ముందు పాదానికి రక్తం సరిగా అందుతోందో లేదో చూపించి, బరువు పడకుండా తగిన చెప్పులో, కట్టో వేయించండి. ఎరుపు పాదం మీదికి పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. షుగరుతో పాదం తిమ్మిరెక్కి ఉంటుంది కాబట్టి, నొప్పి లేదని ఆయన అన్నా ఆగకండి.